ప్రింటర్ ఇప్పుడు ఎవరి దగ్గరుంది?

ఊరేదైనా పెండ్లి కార్డు పని చాలాచోట్ల ఒకే తీరు. డీటీపీ సెంటర్లో పేజ్‌మేకర్ తెరిచి, అను ఫాంట్లతో కొట్టి, ట్రేసింగ్ పేపర్ మీద లేజర్ ప్రింటు తీస్తారు. పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో, ఆ తర్వాత పెద్ద వెర్షన్ ఏదీ రాలేదు. అందుకే కొత్త కంప్యూటర్ కొన్నా, పాత పని కోసం అందులో వర్చువల్‌బాక్స్ వేసి, దాని లోపల వర్చువల్ మెషీన్‌గా విండోస్ ఎక్స్‌పీ నడుపుకునేవాళ్లున్నారు. అంతా బాగానే నడుస్తుంది, ప్రింటు దగ్గరే ఆగిపోతుంది.

కారణం చిన్నది. యూఎస్‌బీ ప్రింటర్ ఒకసారికి ఒక్క సిస్టమ్ మాటే వింటుంది. ఒకే బర్రెను రెండు గుంజలకు కట్టలేం కదా. తీగ గుచ్చగానే బయటి విండోస్ దాన్ని పట్టేసుకుంటుంది, లోపలి ఎక్స్‌పీకి అది కనబడనే కనబడదు. డ్రైవర్ సీడీ ఎన్నిసార్లు నడిపినా ‘ప్రింటర్ కలపండి’ దగ్గరే కూర్చుంటుంది.

ప్రింటర్‌ను లోపలి ఎక్స్‌పీకి ఇవ్వాలంటే ముందు వర్చువల్ మెషీన్‌ను పూర్తిగా షట్‌డౌన్ చేయండి. సేవ్ చేసి మూస్తే సరిపోదు, సెట్టింగ్స్ మారవు. యూఎస్‌బీ సెట్టింగ్‌లో 2.0 ఎంచుకోండి. 3.0 మంచిదనిపిస్తుంది గానీ, ఎక్స్‌పీకి, విండోస్ 7కు దాని డ్రైవర్ పుట్టుకతో లేదు. వర్చువల్‌బాక్స్ 7.0 కంటే పాతదైతే 2.0 కోసం ఎక్స్‌టెన్షన్ ప్యాక్ కూడా వేయాలి, అదీ అదే వెర్షన్‌ది. బయట ఉన్నది లైనక్స్ అయితే మీ యూజర్‌ను ‘వీబాక్స్‌యూజర్స్’ గ్రూపులో చేర్చి, ఒకసారి లాగౌట్ అయి రావాలి. ఇది మరిచిపోతే పరికరాల జాబితా ఖాళీగా కనిపిస్తుంది.

డ్రైవర్ విషయంలో ఎక్కువమంది పొరబడేది ఒకటుంది: అది లోపలి విండోస్‌కు సరిపోవాలి, బయటిదానికి కాదు. లోపల 32 బిట్ ఎక్స్‌పీ ఉంటే 32 బిట్ ఎక్స్‌పీ డ్రైవరే. బయటి సిస్టమ్‌లో ఆ ప్రింటర్ డ్రైవర్ లేకున్నా నష్టం లేదు. కంపెనీ కొత్త డ్రైవర్ ఇవ్వక మూలన పడ్డ ప్రింటర్లను ఈ దారిలో మళ్లీ నడపొచ్చు కూడా.

లోపల సెటప్ మొదలుపెట్టి, అది తీగ పెట్టమన్నప్పుడు పైన డివైసెస్ మెనూలో యూఎస్‌బీకి వెళ్లి ప్రింటర్ పేరు మీద టిక్ పెట్టండి. ఆ క్షణమే బయటి విండోస్‌లో ప్రింటర్ మాయమవుతుంది. కంగారు పడకండి, కావాల్సింది అదే. ప్రతిసారీ టిక్ పెట్టే బాధ వద్దనుకుంటే సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ ఫిల్టర్ చేర్చండి. అందులో వెండర్ ఐడీ, ప్రొడక్ట్ ఐడీ చాలు. సీరియల్ నంబర్ ఉంచితే, రేపు అదే మోడల్ ఇంకోటి తెచ్చినప్పుడు పట్టదు.

నా మట్టుకు, బయటి విండోస్‌లో ప్రింటర్ బాగానే నడుస్తుంటే ఇంత తిప్పలు అక్కర్లేదు. లోపల పీడీఎఫ్ చేసి, షేర్డ్ ఫోల్డర్‌లో వేసి, బయట నుంచి ప్రింటు తీయడమే సుఖం. ఫాంట్లు మాత్రం పీడీఎఫ్‌లో ఎంబెడ్ కావాలి. అను ఫాంట్లు యూనికోడ్ కావు, ఇంగ్లిష్ అక్షరాల చోటున తెలుగు రూపాలను కూర్చుకున్నవి. ఫాంటు వెంట రాకపోతే వధువు పేరున్న చోట పిచ్చి ఇంగ్లిష్ అక్షరాలు వస్తాయి. ట్రేసింగ్ తీసే ముందు మామూలు కాగితం మీద ఒక కాపీ చూసుకోండి.

ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తో మైక్రోసాఫ్ట్ మద్దతు ఆగిపోయింది. అందుకే డ్రైవర్ ఎక్కాక ఆ వర్చువల్ మెషీన్‌కు నెట్‌వర్క్ అడాప్టర్ తీసేయండి. ప్రింటుకు యూఎస్‌బీ తీగ చాలు, ఇంటర్నెట్‌తో పని లేదు.