వేలంలో పొరుగువాని ఇల్లు

పత్రికల లోపలి పేజీల్లో చిన్న అక్షరాలతో బ్యాంకుల స్వాధీన ప్రకటనలు వస్తుంటాయి. బాకీదారు పేరు, తండ్రి పేరు, నాలుగు హద్దులు, చివర రావలసిన మొత్తం. వీటిని శ్రద్ధగా చదివేవారు రెండే రకాలు. ఆ ఇంటి బంధువులు ఒకరు, ఆ ఇంటిని చవకగా కొనదలచినవారు ఇంకొకరు. కొని అద్దెకిచ్చుకుంటే తప్పేముందని విశ్వాసులు కూడా అడుగుతుంటారు. కొనడం పాపమని బైబిలు ఎక్కడా చెప్పదు. కాని కష్టంలో ఉన్నవాడి ఇంటిని గురించి అది చాలానే మాట్లాడుతుంది.

నెల్లూరు తీరానికి ఈ కష్టం కొత్తది కాదు. 1989 నవంబరులో కావలి దగ్గర తుపాను. 1994 చివర రొయ్యల గుంటల్లో వైరస్. 2004 డిసెంబరు 26న సునామీ. 2025 ఆగస్టులో అమెరికా సుంకాలు 50 శాతానికి చేరినప్పుడు రొయ్య ధరకు మళ్లీ దెబ్బ. మరోవైపు 2008లో కృష్ణపట్నం పోర్టు ప్రారంభమై, ఆ వెనుక థర్మల్ కేంద్రాలు వచ్చాక ముత్తుకూరు వైపు అద్దె ఇళ్లకు గిరాకీ పుట్టింది. ఒకరికి ఇల్లు పోతుంటే మరొకరికి అదే రాబడిగా కనిపించే చోటు ఇది.

2002లో వచ్చిన సర్ఫేసీ చట్టం సాగుభూమిని మినహాయించింది గాని ఇంటిని మినహాయించలేదు. అందుకే గుంటలో వచ్చిన నష్టానికి తాకట్టు పెట్టిన ఇల్లు పోతుంది. 90 రోజులు వాయిదాలు ఆగితే అప్పు మొండి బాకీ అవుతుంది. తర్వాత 60 రోజుల నోటీసు, స్వాధీనం, వేలం. కొనేవారు లేకపోతే తర్వాతి వేలంలో కనీస ధర తగ్గిస్తారు. చవక అనేది అక్కడ పుడుతుంది. అది ఊరికే రాదు. ఉన్నది ఉన్నట్టుగా అనే షరతుతో వస్తుంది. పాత పన్ను, కరెంటు బకాయిలు, లోపల ఇంకా కాపురమున్న కుటుంబం, అన్నీ కొన్నవాడి నెత్తినే పడవచ్చు. ఆ కుటుంబాన్ని ఖాళీ చేయించే రోజున మన చేతిలో ఉండేది కాగితమే అయినా, వాళ్ల చేతిలో ఉండేది వంటసామాను.

మోషే ధర్మశాస్త్రం ప్రాకారమున్న పట్టణంలో ఇల్లు అమ్ముకున్నవాడికి దాన్ని విడిపించుకోవడానికి అమ్మిన తర్వాత ఒక సంవత్సరం గడువిచ్చింది (లేవీ 25:29). ప్రాకారం లేని పల్లెల్లో ఇల్లైతే సునాద సంవత్సరంలో తిరిగి సొంతదారునికే చేరాలి. మన చట్టంలో 2016 సవరణ తర్వాత ఆ అవకాశం వేలం ప్రకటన వెలువడేవరకే. సుప్రీంకోర్టు 2023లో దాన్నే ఖాయపరచింది. అంటే పత్రికలో వేలం ప్రకటన చూసి సంఘం కన్నీరు పెట్టుకునే సమయానికే ఆ తలుపు మూసుకుపోయి ఉంటుంది. 60 రోజుల నోటీసు అందిన వారమే కాపరికి, పెద్దలకు తెలియాలి. సిగ్గుపడి ఆ కుటుంబం ఆరాధన మానేస్తుంది. వెళ్లి పలకరించేవారుంటేనే తెలుస్తుంది.

నెహెమ్యా కాలంలో కరవొచ్చినప్పుడు జనం ధాన్యం కోసం పొలాలు, ద్రాక్షతోటలు, ఇళ్లు కుదువ పెట్టారు (నెహెమ్యా 5). తీసుకున్నవారు అన్యులు కారు, సొంత సహోదరులే. నెహెమ్యా ఊరంతా సభ కూర్చి, ఇళ్లను ఆ రోజే తిరిగి ఇమ్మన్నాడు, వడ్డీతో సహా. పన్నెండేళ్లు అధికారిగా ఉండి తానూ తన సేవకులూ ఒక్క పొలమైనా సంపాదించుకోలేదంటాడు. కారుచవకగా భూములు దొరికే రోజులవి. అధికారం ఆయనదే. ఈ మాట మీద మన పుల్‌పిట్లలో ప్రసంగాలు తక్కువే, ఎందుకో మరి!

ఇంకొకరు ఆపత్కాలంలోనే కొన్నారు. బబులోను సైన్యం యెరూషలేమును చుట్టుముట్టి ఉండగా, చెరసాల ఆవరణంలో ఉన్న యిర్మీయా తన పినతండ్రి కొడుకు హనమేలు పొలాన్ని పదిహేడు తులముల వెండి తూచి కొన్నాడు (యిర్మీయా 32). అది లాభం చూసుకున్న బేరం కాదు, బంధువుగా విడిపించే బాధ్యత. సాక్షుల యెదుట క్రయపత్రం రాసి, బారూకు చేత మట్టికుండలో భద్రపరిపించాడు. నోటీసు అందిన ఇంటివారిని అడిగి, వేలానికి ముందే న్యాయమైన ధరకు కొని, వాళ్లనే అద్దెకు ఉండనిచ్చి, డబ్బు కూడినప్పుడు తిరిగి కొనుక్కునే మాట కాగితం మీద రాసివ్వడం నేడూ సాధ్యమే. బ్యాంకు అంగీకారం, లాయరు సలహా కావాలి. రాబడి కొంత తగ్గుతుంది.