సెలవుల్లో నీళ్లెవరు పోస్తారు?

1923 డిసెంబరులో కాకినాడలో కాంగ్రెస్ మహాసభలు జరిగాయి. పక్కనే ఖద్దరు ప్రదర్శన, దాని గుమ్మం దగ్గర పద్నాలుగేళ్ల అమ్మాయి కాపలా. టికెట్ లేకుండా వచ్చిన జవహర్‌లాల్ నెహ్రూను ఆపేసింది. నిర్వాహకులు టికెట్ కొని తెచ్చాకే లోపలికి వదిలింది. ఆమే తర్వాత ఆంధ్ర మహిళా సభ స్థాపించిన దుర్గాబాయి దేశ్‌ముఖ్. ఆమె ధైర్యం గురించి అందరూ చెబుతారు. ఆ వయసు పిల్లకు ఒక గుమ్మాన్ని, ఒక నియమాన్ని అప్పగించి పక్కకు తప్పుకున్న పెద్దల గురించి ఎవరూ చెప్పరు.

ఇప్పుడు మన పిల్లలకు అలా ఒక పని అప్పగిస్తున్నామా? హైదరాబాద్ శివార్లలోని మేడ్చల్, శామీర్‌పేట వైపు రండి. బిట్స్ పిలానీ క్యాంపస్, నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, జీనోమ్ వ్యాలీ ప్రయోగశాలలు, వాటి మధ్య ఊళ్లలో జిల్లా పరిషత్ హైస్కూళ్లు. విద్యార్థులు సేవ చేయడానికి దారులకు కొదవ లేదు. హైస్కూల్లో స్కౌట్స్, జూనియర్ రెడ్‌క్రాస్, ఎకో క్లబ్ ఉంటాయి. 1969లో 37 విశ్వవిద్యాలయాల్లో మొదలైన జాతీయ సేవా పథకం (ఎన్‌ఎస్‌ఎస్) ఇంటర్ దాకా వచ్చింది. అందులో చేరితే రెండేళ్లలో 240 గంటలు పనిచేయాలి. ఇంటర్నేషనల్ బాకలారియేట్ (ఐబీ) డిప్లొమా చదివేవాళ్లు ఆటలు, కళలతో పాటు సేవనూ 18 నెలలు కొనసాగించాల్సిందే. 240 గంటలంటే భయపడనక్కర్లేదు, వారానికి రెండున్నర గంటలు కూడా కాదు. అయినా చాలాచోట్ల సేవ అంటే ఒక పూట, ఒక బ్యానరు, ఒక గ్రూప్ ఫొటో!

మొక్కల సంగతే చూడండి. వానలు పడగానే జూలైలో కానుగో వేపో నాటుతారు. మన నేలలో తొలి ఎండాకాలం దాటితేనే ఆ మొక్క మీద ఆశ. పదో తరగతి వాళ్లకు మార్చిలో పరీక్షలు. ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం దాకా బడికి తాళం. మొక్కకు నీళ్లు కావలసింది సరిగ్గా అప్పుడే. కాబట్టి నాటే రోజున వంద మొక్కలు తెప్పించే బదులు, బడికి నడిచి రాగల దూరంలో ఉన్న పిల్లలెందరో లెక్కపెట్టి, మనిషికి రెండు చొప్పున తెప్పిస్తే మేలు. పాదు చేసి, ఎండుటాకులు కప్పి, వారానికి రెండుసార్లు బకెట్ నీళ్లు పోయడం ఎనిమిదో తరగతి పిల్లాడికి కష్టమేమీ కాదు. బడి గేటు తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో మాత్రం హెడ్మాస్టరుగారు ముందే తేల్చాలి.

నిమజ్జనం అయ్యాక శామీర్‌పేట చెరువు దగ్గర చెత్త ఏరడం మరో ముచ్చట. పిల్లల్ని కట్ట దిగనివ్వకూడదు, నీళ్ల జోలికి అసలే పోనివ్వకూడదు. అంతకన్నా ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది: ఏరిన సంచులు ఎక్కడికి పోతాయి? హైదరాబాద్ చెత్త చేరే జవహర్‌నగర్ డంపింగ్ యార్డు ఇదే జిల్లాలో ఉంది. ఆ వాసన పీలుస్తూ చదువుకునే పిల్లలూ హైస్కూలు పిల్లలే. పూలు, ఆకులు ఒక కుప్ప, సీసాలు, ప్లాస్టిక్ మరో కుప్పగా కట్ట మీదే వేరుచేసి, పూలను ఎరువు గుంతకూ, సీసాలను పాత సామాన్ల దుకాణానికీ చేర్చకపోతే మన చెత్తను వాళ్ల ముంగిట పోసినట్టే.

నన్నడిగితే వీటన్నిటికన్నా గట్టి పని చదివించడం. ఈ పారిశ్రామికవాడల్లో, భవన నిర్మాణాల్లో పనికి ఒడిశా, బిహార్‌ల నుంచి వచ్చినవాళ్ల పిల్లలు ఇక్కడి ప్రభుత్వ బడుల్లో చేరుతున్నారు. ఇంట్లో తెలుగు ఉండదు. మూడో తరగతి పిల్ల పాఠం గడగడా అప్పజెబుతుంది, మనం మురిసిపోతాం. వరుస మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి అడిగితే నోరు పెగలదు. బొమ్మ చూసి, పక్కవాళ్లను విని నేర్చుకున్నది అది. అక్కడ తొమ్మిదో తరగతి అక్క పక్కన కూర్చుని ఒత్తులు విడదీసి, రోజుకు ఇరవై నిమిషాలు చదివిస్తే నెలల్లో తేడా తెలుస్తుంది. టీచరుకు తరగతిలో ఒక్కొక్కరికీ అంత తీరిక దొరకదు. అక్క మధ్యలో మానేస్తే మాత్రం చిన్నదానికి మనసు విరుగుతుంది, అందుకే ఒప్పుకునే ముందే ఎన్ని నెలలో చెప్పాలి.

పెద్దలకు చదువు చెప్పే కేంద్ర ప్రభుత్వ ‘ఉల్లాస్’ కార్యక్రమంలోనూ విద్యార్థులు వాలంటీర్లుగా చేరవచ్చు. వేలిముద్ర వేసే నానమ్మ ఇంట్లోనే ఉంటే బస్సు ఛార్జీ కూడా అక్కర్లేదు.

పదో తరగతి వాళ్లకు సంక్రాంతి దాటితే ప్రత్యేక తరగతులతోనే సరిపోతుంది. కాబట్టి డిసెంబరులోనే వాళ్ల నుంచి ఒక నోటుపుస్తకం తొమ్మిదో తరగతి చేతికి రావాలి: ఏ చిన్నారి ఏ ఒత్తు దగ్గర ఆగుతోంది, ఏ మొక్క ఎవరిది, వేసవిలో ఎవరు ఊరెళ్తున్నారు, వాళ్ల వంతు ఎవరిది.