పాస్‌బుక్కు మీద ముఖ్యమంత్రి

ప్రతిపక్షం కరపత్రం వేస్తే జనం చదివి పక్కన పడేస్తారు. ప్రభుత్వమే అచ్చువేసి ఇంటికి పంపిన కాగితాన్ని మాత్రం బీరువాలో భద్రంగా దాచుకుంటారు. 2024 ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్‌లో అధికారంలో ఉన్న వైఎస్సార్‌సీపీని ఇబ్బందిపెట్టిన కాగితం అలాంటిదే: పట్టాదారు పాస్‌బుక్.

భూముల రీసర్వే మంచి ఉద్దేశంతోనే మొదలైంది. వందేళ్ల కిందటి బ్రిటిష్ లెక్కల మీద హద్దుల తగాదాలు ఎన్నాళ్లని నడుస్తాయి? 2020 డిసెంబరులో పని మొదలుపెట్టారు. డ్రోన్లు ఎగిరాయి, కొత్త హద్దురాళ్లు పాతారు. అంతటితో ఆగితే బాగుండేది. పథకానికి జగనన్న పేరు పెట్టారు, పాస్‌బుక్ అట్ట మీద ముఖ్యమంత్రి జగన్ ఫొటో వేశారు. రేషన్ సంచి మీద బొమ్మను జనం చూసీ చూడనట్టు వదిలేస్తారు. పొలం అలాంటిది కాదు. తాత సంపాదించిందో, తండ్రి అప్పుచేసి కొన్నదో అయిన ఎకరం కాగితం మీద ఇంకొకరి ముఖమేమిటన్న ప్రశ్నకు ఏ కార్యకర్త దగ్గరా జవాబు లేకపోయింది.

దీనికి ల్యాండ్ టైట్లింగ్ చట్టం తోడైంది. 2023 అక్టోబరు 31న అమల్లోకి వచ్చిన ఈ చట్టం భూ హక్కుల తగాదాలను సివిల్ కోర్టుల నుంచి తప్పించి టైటిల్ రిజిస్ట్రేషన్ అధికారుల చేతిలో పెట్టింది. న్యాయవాదులు కోర్టులు బహిష్కరించి రోడ్డెక్కారు. నిజానికి సెక్షన్లు చదివి భయపడే రైతులు ఎందరుంటారు? ఆ భయానికి అట్ట మీది ఫొటో రూపమిచ్చింది. మీ భూమి మీది కాకుండా పోతుందని ప్రతిపక్ష కూటమి నేతలు ఊరూరా చెప్పారు. అందులో అతిశయోక్తి పాలు తక్కువేమీ కాదు. నీతి ఆయోగ్ నమూనాతోనే చట్టం తెచ్చామని, సర్వే పూర్తి కాకుండా క్షేత్రస్థాయిలో అమలు చేయబోమని ప్రభుత్వం అంది. మే మొదట్లో, దుష్ప్రచారమంటూ వైఎస్సార్‌సీపీ చేసిన ఫిర్యాదు మీద తెలుగుదేశం నేతలు చంద్రబాబు, లోకేశ్‌లపై సీఐడీ కేసు పెట్టింది. పోలింగు మే 13న. చట్టం సంగతి అంతవరకు విననివాళ్ల చెవిన కూడా పడింది.

ఓటమికి ఇదొక్కటే కారణమనడం తేలిక, కానీ నమ్మదగ్గది కాదు. అమరావతి, ఉద్యోగాలు, మద్యం, చంద్రబాబు అరెస్టు, మూడు పార్టీల పొత్తు, అన్నీ కలిశాయి. ‘వై నాట్ 175’ అన్న పార్టీ 151 నుంచి 11 స్థానాలకు పడిపోయింది. ఓట్లు మాత్రం దాదాపు 39 శాతం వచ్చాయి. అంటే పథకాలు అందుకున్నవాళ్లందరూ దూరం కాలేదు.

కొత్త ముఖ్యమంత్రిగా చంద్రబాబు రెండో సంతకం ఈ చట్టం రద్దు ఫైలు మీదే చేశారు. పాస్‌బుక్కుల మీద రాజముద్ర వేయాలని నిర్ణయించారు. హద్దురాళ్ల మీది బొమ్మలు, పేర్లు చెరిపే పని వేరే తలనొప్పి.

అంతకు ఇరవై ఏళ్ల ముందు

సర్కారు ప్రచారం సర్కారుకే ఎదురుతిరగడం ఇదే మొదటిసారి కాదు. 2003 డిసెంబరులో మూడు హిందీ రాష్ట్రాలు గెలిచిన ఊపులో వాజపేయి ప్రభుత్వం లోక్‌సభ ఎన్నికలను ముందుకు జరిపింది. ‘భారత్ వెలిగిపోతోంది’ ప్రకటనలు సర్కారు ఖర్చుతోనే మోగాయి. సామాన్యుడికి ఏం దక్కిందని కాంగ్రెస్ అడిగింది. బీజేపీకి 138 స్థానాలు, కాంగ్రెస్‌కు 145. ఆంధ్రప్రదేశ్‌లో, తన మీద జరిగిన అలిపిరి దాడి తర్వాత సానుభూతి ఉంటుందన్న లెక్కతో అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు అసెంబ్లీని ముందే రద్దు చేయించారు. 294 స్థానాల్లో తెలుగుదేశానికి దక్కినవి 47.