మరమ్మతు వేరు, ముస్తాబు వేరు

2018 ఫిబ్రవరిలో తెలుగు లిపిలోని ఒక అక్షరం ప్రపంచమంతటా ఐఫోన్లను ఇబ్బంది పెట్టింది. జకారానికి ఞ ఒత్తు, ఆ వెంటే కంటికి కనిపించని ఒక కోడ్ గుర్తు, చివర దీర్ఘం. ఈ వరసలో కూర్చిన అక్షరం సందేశంగా వచ్చి తెరమీద పడగానే వాట్సాప్, మెసెంజర్ వంటి యాప్‌లు మూతపడిపోయేవి. అదే నోటిఫికేషన్‌లో వస్తే ఫోన్ హోమ్ తెరే కూలిపోయేది. మనం రోజూ రాసే జ్ఞానంలోని అక్షరంతో ఏ చిక్కూ లేదు. మధ్యలో ఆ కనిపించని గుర్తు చేరినప్పుడే, అక్షరాలకు రూపమిచ్చి తెరమీద పేర్చే కోర్‌టెక్స్ట్ అనే భాగం దారి తప్పి మెమరీని పాడుచేసేది. దేవనాగరి, బెంగాలీ లిపుల్లోని కొన్ని కూర్పులతోనూ ఇదే జరిగింది. వాడేవాళ్లు ఎంత జాగ్రత్తపడ్డా తొలగించుకోగల లోపం కాదిది. ఫిబ్రవరి 19న ఆపిల్ సంస్థ ఐఓఎస్ 11.2.6 అప్‌డేట్ పంపాకే సమస్య తీరింది. అది అచ్చమైన మరమ్మతు. కానీ ఏటా ఒకసారి ‘అప్‌డేట్’ అన్న అదే పేరుతో మరొకటి కూడా వస్తుంది. అది మీటల చోటు మారుస్తుంది, రంగులు మారుస్తుంది, నిల్వలో గిగాబైట్ల కొద్దీ జాగా అడుగుతుంది. రక్షణ కోసం తప్పనిసరిగా వేసుకోవాల్సిన మరమ్మతునూ, ఇష్టముంటే వేసుకోవాల్సిన ముస్తాబునూ ఒకే మూటగా కట్టడమే స్మార్ట్‌ఫోన్ అప్‌డేట్ల మీద మన విసుగుకు మూలం. ఆ ముడి విప్పడం సాధ్యమేనని ఈ సాంకేతికత చరిత్రే చెబుతోంది.

పాత బటన్ ఫోన్లకు ఈ బాధ దాదాపు లేదు. కొన్ననాడు అందులో ఏ సాఫ్ట్‌వేర్ ఉందో, పారేసేనాటికీ చాలావరకు అదే ఉండేది. తప్పు దొర్లితే సర్వీస్ సెంటర్‌కు మోసుకెళ్లాలి కాబట్టి, అమ్మకముందే పని పూర్తి చేయాల్సిన ఒత్తిడి తయారీదారు మీద ఉండేది. 2007లో వచ్చిన తొలి ఐఫోన్‌ను కూడా కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి, ఐట్యూన్స్ ద్వారానే అప్‌డేట్ చేయాల్సి వచ్చేది. 2008లో, ఐఫోన్ సాఫ్ట్‌వేర్‌తోనే నడిచే ఐపాడ్ టచ్ ఉన్నవాళ్లు ఐఫోన్ ఓఎస్ 2.0 కోసం 9.95 డాలర్లు చెల్లించారు కూడా. అదే ఏడాది మొదలైన ఆండ్రాయిడ్ ఫోన్లకు అప్‌డేట్లు కేబుల్ లేకుండా గాలిలోనే అందేవి. ఆపిల్ 2011లో ఐఓఎస్ 5తో ఆ దారికి వచ్చింది. కేబుల్ తెగిపోవడంతో తయారీదారుకూ ఫోన్‌కూ మధ్య బంధం అమ్మకంతో ముగియకుండా ఏళ్ల తరబడి సాగడం మొదలైంది. అమ్మాక కూడా తప్పులు దిద్దుకునే వీలు కలిగింది. సగం ఉడికిన సరుకును అమ్మేసి తరవాత చూసుకుందామనే ధీమా కూడా దాని వెంటే వచ్చింది. అప్‌డేట్ వల్ల కలిగే మేలుకీ, చిరాకుకీ పుట్టిల్లు ఈ ఒక్క మార్పే.

ఫోన్ లోపల జరిగే పని మాత్రం ఎంతో పకడ్బందీగా సాగుతుంది. వచ్చిన ఫైలు నిజంగా తయారీదారు పంపిందేనా, దారిలో ఎవరైనా ఒక్క అంకెనైనా మార్చారా అని డిజిటల్ సంతకం ద్వారా ఫోన్ సరిచూసుకుంటుంది. సంతకం కలవకపోతే దాన్ని తిరస్కరిస్తుంది. మొత్తం వ్యవస్థను మళ్లీ దింపుకోకుండా, పాతదానికీ కొత్తదానికీ మధ్య తేడాను మాత్రమే తెచ్చుకునే పద్ధతి కూడా ఉంది. 2016లో ఆండ్రాయిడ్ 7తో మరో మెరుగుదల వచ్చింది. ఈ ఏర్పాటున్న ఫోన్లలో వ్యవస్థ ఫైళ్లకు రెండు విభాగాలు ఉంటాయి. మనం ఒకదానిమీద పని చేసుకుంటుండగా కొత్త వెర్షన్ రెండోదానిలో సిద్ధమవుతుంది. రీస్టార్ట్ చేసినప్పుడు ఫోన్ కొత్త విభాగం నుంచి మొదలవుతుంది. అక్కడ ఏదైనా బెడిసికొడితే తనంతట తానే పాత విభాగానికి వచ్చేస్తుంది. అప్‌డేట్ మధ్యలో చార్జింగ్ అయిపోయి ఫోన్ పనికిరాకుండా పోతుందన్న భయాన్ని ఈ ఏర్పాటు చాలావరకు తీర్చింది.

ఇంత శ్రమ ఎందుకు అవసరమో 2015 జులైలో బయటపడిన స్టేజ్‌ఫ్రైట్ లోపం చూపించింది. వీడియోలను చదివే ఆండ్రాయిడ్ భాగంలో ఉన్న తప్పు వల్ల, ప్రత్యేకంగా తయారుచేసిన ఒక్క ఎంఎంఎస్ సందేశంతో ఫోన్‌లోకి చొరబడే అవకాశం ఏర్పడింది. కొన్ని ఫోన్లలో యజమాని ఆ సందేశాన్ని తెరవాల్సిన పని కూడా లేదు. దీన్ని కనిపెట్టిన జింపీరియమ్ సంస్థ దాదాపు 95 కోట్ల ఫోన్లకు ముప్పుందని అంచనా వేసింది. ఆ మరుసటి నెల నుంచే గూగుల్ నెలనెలా రక్షణ సవరణలు ఇవ్వడం మొదలుపెట్టింది. యూపీఐ వచ్చాక మన దేశంలో ఫోన్ అంటే బ్యాంకు ఖాతాకు తాళంచెవి కూడా. కాబట్టి ఈ సవరణలను కాదనడానికి లేదు. ముస్తాబుగా కనిపించే పెద్ద అప్‌డేట్లన్నీ వృథా అని కూడా అనలేం. 2014లో వచ్చిన ఆండ్రాయిడ్ 5తో ఫోన్ మెనూల భాషల్లో తెలుగు చేరింది. ఇంగ్లీషు రానివారికి అది మామూలు సదుపాయం కాదు.

మరి చిరాకు ఎక్కడిది? కొంత భాగం పచ్చి పొరపాట్లది. 2014 సెప్టెంబరు 24న విడుదలైన ఐఓఎస్ 8.0.1 వేసుకున్న కొన్ని ఐఫోన్ 6, 6 ప్లస్ ఫోన్లలో నెట్‌వర్కూ, వేలిముద్రతో తెరిచే సదుపాయమూ పనిచేయలేదు. ఆపిల్ గంటసేపట్లోనే దాన్ని వెనక్కి తీసుకుని, మర్నాడు 8.0.2 ఇచ్చింది. ఇంతకంటే లోతైనది దాపరికం. లిథియం అయాన్ బ్యాటరీ పాతబడేకొద్దీ దాని అంతర్గత నిరోధం పెరుగుతుంది. ప్రాసెసర్ ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగితే వోల్టేజి పడిపోయి, చార్జింగ్ ఉండగానే ఫోన్ ఆగిపోతుంది. దీన్ని ఆపడానికి 2017 జనవరిలో ఐఓఎస్ 10.2.1 ద్వారా ఆపిల్ పాత బ్యాటరీలున్న ఫోన్ల వేగానికి కళ్లెం వేసింది. ఇంజినీరింగ్ లెక్కలో అది సమంజసమైన పరిష్కారమే. కానీ ఆ కళ్లెం సంగతి కొన్నవాళ్లకు తెలియలేదు. అదే ఏడాది డిసెంబరులో గీక్‌బెంచ్ వేగపరీక్షల ఫలితాలు బయటికి వచ్చాకే ఆపిల్ ఒప్పుకుంది. తరవాత క్షమాపణ చెప్పి, బ్యాటరీ మార్పిడి ధరను 79 డాలర్ల నుంచి 29కి తగ్గించింది. 2020లో ఫ్రాన్స్ అధికారులు 2.5 కోట్ల యూరోల జరిమానా వేశారు. అప్‌డేట్‌తో వేగం తగ్గవచ్చన్న సంగతి వినియోగదారులకు చెప్పకపోవడమే అక్కడ తప్పుగా తేలింది. బ్యాటరీ మార్చుకుంటే సరిపోయేదానికి, తెలియక కొత్త ఫోనే కొనుక్కున్నవారి నష్టం ఎవరు పూడ్చాలి?

ఇంటికప్పు కారుతోందని మేస్త్రీని పిలిస్తే, కప్పుతో పాటు మనల్ని అడక్కుండా వంటగదిని కూడా మార్చి వెళ్తే ఎవరూ ఊరుకోరు. ఫోన్ విషయంలో మాత్రం దీన్ని సహజమని సర్దుకుపోతున్నాం. మరమ్మతునూ ముస్తాబునూ విడదీయడం కుదరదనడానికి ఆధారం లేదు. నెలవారీ రక్షణ సవరణలే మొదటి సాక్ష్యం. 2019లో ఆండ్రాయిడ్ 10తో వ్యవస్థలోని కొన్ని కీలక భాగాలను ప్లే స్టోర్ తరహాలో విడివిడిగా సవరించే ఏర్పాటు వచ్చింది. 2021లో ఐఓఎస్ 15 వచ్చినప్పుడు, ఐఓఎస్ 14లోనే ఉండి రక్షణ సవరణలు మాత్రం పొందే వెసులుబాటు ఆపిల్ ఇచ్చింది. కొద్ది నెలలకే దాన్ని ఎత్తేసింది. 2023 మేలో మొదలైన రాపిడ్ సెక్యూరిటీ రెస్పాన్స్ పద్ధతిలోనైతే అత్యవసర మరమ్మతు చిన్న ముక్కగా వచ్చేది, నచ్చకపోతే తీసేసుకునే వీలూ ఉండేది. అదే ఏడాది జనవరిలో, 2013నాటి ఐఫోన్ 5ఎస్‌కు కూడా ఐఓఎస్ 12.5.7 రూపంలో రక్షణ సవరణ అందింది. తొమ్మిదేళ్లు దాటిన ఫోన్‌కు మరమ్మతు చేయగలిగినవారు, అంతకంటే కొత్తవాటికి చేయలేమంటే నమ్మడం కష్టం.

దీనికి మూడు అభ్యంతరాలు వినిపిస్తాయి. మొదటిది వాడేవారిది: ‘ఫోన్ బాగానే నడుస్తోంది, ఏ అప్‌డేటూ వద్దు’ అని. సవరణ బయటికి వచ్చిన రోజునే పాత వెర్షన్‌కు ముప్పు పెరుగుతుందని వీరు గుర్తించాలి. పాత కోడ్‌నూ కొత్త కోడ్‌నూ పక్కపక్కన పెట్టి చూస్తే కన్నం ఎక్కడుందో దాడి చేసేవాళ్లకు దొరికిపోతుంది. 2017 మార్చిలో మైక్రోసాఫ్ట్ విండోస్‌కు సవరణ ఇచ్చింది. దాన్ని వేసుకోని కంప్యూటర్లను మే నెలలో వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ కబళించింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. రెండో అభ్యంతరం రక్షణ నిపుణులది: పాత వెర్షన్‌కు వెళ్లే దారి తెరిస్తే, మూసిన కన్నాలూ తెరుచుకుంటాయని. ఇది నిజమే. అందుకే కోరాల్సింది పాత లోపాలకు తిరిగి వెళ్లే హక్కు కాదు. లోపాలు దిద్దిన పాత రూపంలోనే ఉండే హక్కు కావాలి. మూడోది తయారీదారులది: ఎక్కువ వెర్షన్లను సాకడం ఖర్చుతో కూడిన పని అని. ఇందులోనూ నిజముంది. ప్రతి వెర్షన్‌నూ ప్రతి మోడల్ మీదా పరీక్షించాలి, ఆ పనికి మనుషులు కావాలి. అందుకే వెసులుబాటు కలకాలం ఉండాలని ఎవరూ అడగరు. పెద్ద అప్‌డేట్ వచ్చాక ఒక ఏడాదిపాటు పాతదానికి రక్షణ అందించినా, తొలి వెర్షన్లలోని తప్పులు తేలిపోయేదాకా ఆగే అవకాశం జనానికి దొరుకుతుంది.

ఎన్నేళ్లు అన్న ప్రశ్న కూడా ఇప్పుడు కదిలింది. 2023లో పిక్సెల్ 8కి గూగుల్, 2024లో గెలాక్సీ ఎస్24కి శామ్‌సంగ్ ఏడేళ్ల అప్‌డేట్లు హామీ ఇచ్చాయి. ఒక మోడల్ అమ్మకాలు ముగిశాక కూడా కనీసం ఐదేళ్లు అప్‌డేట్లు ఉచితంగా అందాలన్న నిబంధన యూరోపియన్ యూనియన్‌లో 2025 జూన్ 20 నుంచి అమల్లోకి వచ్చింది. మన దేశంలో, ఐఓఎస్ 18 అప్‌డేట్ల తరవాత ఫోన్ల పనితీరు దెబ్బతిన్నదన్న ఫిర్యాదుల మీద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2025 జనవరిలో ఆపిల్‌కు నోటీసిచ్చింది. నోటీసులు జరిగిన నష్టం తరవాతి మాట. ముందుగా కావలసింది నియమం. ఏళ్ల సంఖ్య ఒక్కటే పెంచితే సరిపోదు, ఎందుకంటే అదే మూటను ఏడేళ్లు మోస్తే చిరాకూ ఏడేళ్లు సాగుతుంది. పెట్టె మీద రక్షణ సవరణలు ఏ తేదీదాకా అందుతాయో ముద్రించాలి. అప్‌డేట్ వచ్చినప్పుడు ఏది మరమ్మతు, ఏది మార్పు, బ్యాటరీ మీదా వేగం మీదా దాని ప్రభావమేమిటి అన్నవి ఫోన్ భాషలోనే, తెలుగులో పెట్టుకున్నవారికి తెలుగులోనే చెప్పాలి. రెండింటికీ వేర్వేరు మీటలు ఉండాలి. వాడేవారి వంతు బాధ్యత కూడా తేలికైనదే: రక్షణ సవరణను వచ్చిన వారంలోనే వేసుకోవాలి, పెద్ద మార్పుకు తొందరపడకుండా కొన్ని వారాలు ఆగాలి, ఈలోగా ఫోటోలూ నంబర్లూ భద్రం చేసుకోవాలి. డబ్బు పెట్టి కొన్న వస్తువు ఎలా ఉండాలో తేల్చుకునే అధికారం కొన్నవారిదే. దాన్ని కాపలా కాసే బాధ్యత మాత్రం తయారుచేసినవారిది.