ధాన్యం డ్రయ్యరుకు అదను వేసవే
మబ్బు పట్టాక పరుగులు పెడితే ప్రయోజనం లేదు

దాళ్వా మాసూళ్ళు ముగిసి, కాల్వలు కట్టేశాక గోదావరి డెల్టా రైతుకు కాస్త ఊపిరి సలుపుతుంది. పెళ్ళిళ్ళు, ఇంటి మరమ్మతులు, చెరువు పూడికలు అన్నీ ఈ నెలల్లోనే. సార్వా ధాన్యాన్ని ఆరబెట్టే యంత్రం గురించి ఆలోచించవలసింది కూడా ఇప్పుడే. కాని అది చాలామందికి మార్గశిరంలో మబ్బు కమ్మినప్పుడే గుర్తుకు వస్తుంది. అప్పటికి చేయగలిగింది బరకాలు వెతుక్కోవడమే.

2023 డిసెంబర్ 5న బాపట్ల సమీపంలో మిచాంగ్ తుపాను తీరం దాటినప్పుడు కోసిన పనలు చేలోనే నానాయి. రోడ్ల మీద ఆరబోసిన రాశులు తడిశాయి. తడిసిన ధాన్యం వేడెక్కి రంగు మారుతుంది, మొలకెత్తుతుంది, మర ఆడిస్తే నూక అవుతుంది. ఆరుగాలం పడిన కష్టం రెండు రోజుల్లో పోతుంది.

కోత మారింది, కళ్ళం మారలేదు

పూర్వం కోసిన పనలు చేలో ఎండేవి. తర్వాత కుప్ప వేసి, తీరికగా నూర్చేవారు. గింజ కళ్ళానికి వచ్చేసరికి తేమ సగం తగ్గేది. ఇప్పుడు కోత యంత్రం దిగితే ఊరి పొలమంతా నాలుగు రోజుల్లో పూర్తవుతుంది. కాని గింజలో తేమ 20 శాతం దాటి ఉంటుంది. ప్రభుత్వ కొనుగోలుకు 17 శాతం మించరాదు. నిల్వ ఉంచాలంటే 14 శాతానికి దించాలి. ఇంత ధాన్యం ఒక్కసారి వస్తే ఆరబోయడానికి చోటేదీ? అందుకే రోడ్లు కళ్ళాలయ్యాయి. తేమ తగ్గకపోతే బేరంలో తరుగు తప్పదు. కౌలు రైతుకు ఈ దెబ్బ మరీ ఎక్కువ. పంట పోయినా కౌలు కట్టవలసిందే.

ఉప్పుడు బియ్యం మిల్లుల్లో డ్రయ్యర్లు ఉన్నాయి. రైతు చేతిలో మాత్రం లేవు. పదిమంది కలిసి గాని, సహకార సంఘం ద్వారా గాని ఊళ్ళో ఒకటి పెట్టుకుంటే బేరమాడే బలం రైతుకే వస్తుంది.

ఎంత యంత్రం కావాలి?

22 శాతం తేమ ఉన్న 75 కిలోల బస్తాను 17 శాతానికి దించాలంటే సుమారు నాలుగున్నర కిలోల నీరు పోవాలి. 12 టన్నుల యంత్రం ఒక్క విడతలో 720 కిలోల నీటిని తీయాలన్న మాట. గంటకు ఒక శాతం చొప్పున తగ్గిస్తే గింజ పగలదు. నింపడానికి, దించడానికి పట్టే కాలం కలిపితే విడతకు ఏడెనిమిది గంటలు. రోజుకు రెండు విడతలంటే 320 బస్తాలు. ఎకరాకు 30 బస్తాల చొప్పున నూరెకరాల ధాన్యానికి తొమ్మిది పది రోజులు పడుతుంది. ఊరి విస్తీర్ణాన్ని బట్టి ఈ లెక్క ముందే వేసుకోవాలి. తడి ధాన్యాన్ని 24 గంటలు దాటకుండా ఆరబెట్టడం మొదలుపెట్టాలి కనుక లెక్క తప్పితే యంత్రం ఉండీ నష్టమే.

ముందుగా చేసుకోవలసినవి

మొదటిది స్థలం. లారీ తిరగాలి, వాన నీరు నిలవరాదు, పొగ ఇళ్ళ మీదికి రారాదు. రెండోది త్రీఫేజ్ కరెంటు. ట్రాన్స్‌ఫార్మర్‌కు దరఖాస్తు ఇప్పుడే పెట్టాలి. పునాది, షెడ్డు వానలు ముదరకముందే పూర్తవాలి. పొయ్యికి ఊక వాడేటట్లయితే దాన్ని తడవకుండా నిల్వ చేసే చోటు కూడా కావాలి. కోత యంత్రం ధాన్యంలో గడ్డి, తాలు వస్తాయి కనుక ముందు జల్లెడ తప్పనిసరి.

అప్పుకు 2020లో మొదలైన వ్యవసాయ మౌలిక వసతుల నిధి పథకంలో 2 కోట్ల రూపాయల వరకు 3 శాతం వడ్డీ రాయితీకి ఏర్పాటు ఉంది. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి బ్యాంకులో, వ్యవసాయాధికారి వద్ద విచారించి అడుగు వేయడం మంచిది.

పాత యంత్రం ఉన్నవారు

ఇదివరకే డ్రయ్యరు ఉన్నవారికీ ఇది పని కాలమే. జల్లెడ కన్నాల్లో పట్టిన దుమ్ము తీయాలి. ఎలివేటరు బెల్టు, బకెట్లు, బేరింగులు చూడాలి. ఎలుకలు కొరికిన వైర్లు మార్చాలి. పొయ్యి పగిలితే పొగ ధాన్యంలోకి వెళ్ళి వాసన పడుతుంది. వేడి చూపే మీటరు సరిగా ఉందో లేదో పరీక్షించాలి. ఎందుకంటే విత్తనాల ధాన్యానికి 43 డిగ్రీల సెంటీగ్రేడు దాటితే మొలక శక్తి పోతుంది. తేమ మీటరును కొనుగోలు కేంద్రం మీటరుతో సరిచూసుకుంటే తర్వాత తగవు ఉండదు.

చివరగా, కోతలకు నెల ముందు కొద్దిపాటి ధాన్యం పోసి ఒకసారి నడిపి చూడాలి. లోపం ఉంటే అప్పుడే బయటపడుతుంది, మెకానిక్కూ దొరుకుతాడు. మొదటి బండి ధాన్యం వచ్చి వాకిట నిలిచాక యంత్రం మొరాయిస్తే, మళ్ళీ రైతు ఆకాశం వైపు చూడవలసిందే.