కార్డు కట్టని ఖర్చు

కళ్యాణదుర్గం చుట్టుపక్కల ఊళ్లలో వానను నమ్ముకుని శెనక్కాయ వేసిన చేను ఎండిపోతే, వయసులో ఉన్నవాళ్లు బెంగళూరు బస్సెక్కుతారు. ఇళ్లలో మిగిలేది ముసలివాళ్లే. వాళ్లలో ఎవరికైనా జబ్బు చేస్తే వైద్యం ఖర్చు ఆసుపత్రి బిల్లుతో మొదలు కాదు. కూలి వదిలేసి కొడుకు ఊరికి రావడంతో మొదలవుతుంది.

సుగర్ ఉన్న ఒక పెద్దాయన సంగతి చూద్దాం. ఏళ్ల తరబడి సుగర్ అదుపులో లేకపోతే పాదాలు మొద్దుబారతాయి. చెప్పుల్లేకుండా చేలోకి వెళ్తే తుమ్మముల్లు దిగినా తెలియదు. నాలుగు రోజులకు పుండు, పది రోజులకు చీము. మామూలుగా అయితే నొప్పి మనిషిని డాక్టరు దగ్గరికి తోలుతుంది. ఇక్కడ ఆ నొప్పే లేదు. ప్రపంచమంతటా సుగర్ వల్ల కాలు తీసేయాల్సి వచ్చినవాళ్లలో పదిమందికి ఎనిమిదిమంది కథ ఇలాంటి పుండుతోనే మొదలైంది.

ఆపరేషన్‌కు ప్రభుత్వ కార్డు ఉంది కదా అంటారు. ఉంది. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. ఇప్పుడు ఆ పథకం పేరు ఎన్టీఆర్ వైద్య సేవ. ఎందరో పేదల ప్రాణాలు నిలబెట్టిన పథకం అది. కానీ అరవై కిలోమీటర్ల దూరంలోని అనంతపురానికి కారు బాడుగ, తోడున్నవాళ్ల తిండి, పోయిన కూలి, ఇంటికొచ్చాక నెలల తరబడి కట్లు... వీటిలో చాలా భాగం ఇంటివాళ్లే మోయాలి. గొర్రెలు అమ్ముతారు, లేదంటే వడ్డీకి తెస్తారు. జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం 2021-22లో దేశంలో వైద్యానికైన మొత్తం ఖర్చులో 39.4 శాతం జనం నేరుగా తమ జేబులోంచి పెట్టుకున్నదే.

ఆ పుండును ఆపే పనులు చాలా చిన్నవి. రోజూ రాత్రి పాదాలు కడిగి, తుడిచి, వేళ్ల సందులతో సహా చూసుకోవాలి. వంగలేకపోతే కింద అద్దం పెట్టుకోవచ్చు, మనవరాలిని చూడమనొచ్చు. చేలో చెప్పులు విడవకూడదు. ఆనెలను బ్లేడుతో కోసుకోకూడదు. బీపీ, సుగర్ మాత్రలు ఒంట్లో బాగున్న రోజు కూడా వేసుకోవాలి. ‘బాగుంది కదా’ అని మాత్ర మానేయడమే పక్షవాతానికి, కిడ్నీ జబ్బుకు తలుపు తీయడం. ఉప్పు రోజుకు ఐదు గ్రాముల లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రెండు పూటలా ఊరగాయ నంజుకునే ఇళ్లలో ఆ హద్దు దాటిపోవడం ఎంతసేపు? రాగిసంగటి మంచిదే, అయినా ముద్ద సైజు చూసుకోవాలి. రాగిలోనూ ఉన్నది పిండిపదార్థమే.

ఈ జాగ్రత్తలు డబ్బు మిగులుస్తాయా? అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో కేట్ లోరిగ్ బృందం గుండె జబ్బు, కీళ్లవాతం లాంటి దీర్ఘకాలిక జబ్బులున్న 952 మందిని పరిశీలించి, 1999లో ఫలితాలు ప్రచురించింది. తమ జబ్బును తామే చూసుకోవడం తరగతుల్లో నేర్చుకున్నవాళ్లు ఆ ఆరు నెలల కాలంలో, నేర్చుకోనివాళ్లకంటే తక్కువ రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. తరగతులు నడిపింది డాక్టర్లు కాదు, ఎక్కువమంది అలాంటి జబ్బులున్న మామూలు మనుషులే.

అయితే లాభం వెంటనే కనబడదు. మొదట ఖర్చు పెరుగుతుంది కూడా: అప్పటిదాకా లేని పరీక్షలు, మాత్రలు, చెప్పులు. మిగులు తేలేది ఏళ్ల మీద. సర్కారు లెక్కే చూడండి: ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధుల పెన్షన్ 2024 జులై నుంచి నెలకు 4,000 రూపాయలు. డయాలసిస్ మీద ఉన్నవాళ్లకు 10,000. కిడ్నీలు పాడవడానికి పెద్ద కారణాలు అదుపు తప్పిన సుగర్, బీపీలే కాబట్టి, ఆ తేడాలో కొంతైనా సకాలంలో అందిన మాత్రతో తప్పించగలిగేదే.

అలాగని భారమంతా ముసలివాళ్ల మీదే వేయడం అన్యాయం. చూపు ఆననివాళ్లు మాత్ర చీటీ ఎలా చదువుతారు? పేదల కోసం గ్రామీణాభివృద్ధి సంస్థ, ఆర్‌డీటీ, కళ్యాణదుర్గంలో ఆసుపత్రి నడుపుతోంది. ఊళ్లకు 104 వాహనం వస్తుంది. ఆశా కార్యకర్తలు ఉన్నారు. వీటిని కలిపే దారి ఒకటి కళ్లముందే ఉంది. నెల మొదట్లో గ్రామ సచివాలయ సిబ్బంది పెన్షన్ పట్టుకుని ముసలివాళ్లందరి గడపకూ వెళ్తున్నారు. మూడు నెలలకోసారి వాళ్లతోపాటు ఏఎన్‌ఎం వెళ్లి బీపీ చూసి, పాదాలు చూసి, వచ్చే మూడు నెలల మాత్రలు చేతికిచ్చి రావచ్చు.