మన సొమ్ము ఏ కొండను త్రవ్వుచున్నది?

ఒడిశాలోని కొట్పాడ్‌లో ఆల్ చెట్టు వేళ్లనుండి తీసిన ఎఱ్ఱరంగును నూలుకు పట్టించి బట్ట నేయు మిర్గాన్ నేతగాడైనను, రాయగడ మిల్లులలో పనిచేయు తెలుగు కార్మికుడైనను, జీవితబీమాకు ప్రీమియము కట్టినపుడుగాని, జీతమునుండి భవిష్యనిధికి కోత పడినపుడుగాని, తన సొమ్ము ఎక్కడనో ఒక ఇనుపపెట్టెలో పదిలముగా నున్నదనియే తలంచును. నిజమున కా సొమ్ము నిలిచియుండునది కాదు. 1956లో ఏర్పడిన జీవితబీమా సంస్థ అందు పెద్దభాగమును ప్రభుత్వ ఋణపత్రములలో పెట్టి, మరికొంత భాగముతో కంపెనీల షేర్లు కొనుచున్నది. ఉద్యోగుల భవిష్యనిధి సంస్థయు 2015 ఆగస్టునుండి ఇ.టి.ఎఫ్. అను సూచీనిధుల ద్వారా షేర్ల మార్కెట్టులో ప్రవేశించినది. ఇట్లు పదిమంది సొమ్ము ప్రోగుచేసి పదిచోట్ల పెట్టు బీమా సంస్థలను, పింఛను నిధులను, మ్యూచువల్ ఫండులను సంస్థాగత మదుపుదారులందురు. ముప్పది నలువది యేండ్ల తరువాత చెల్లింపవలసిన బాకీకి నేడు పూచీపడినవారు గనుక, అంతకాలములో ఋతువులెట్లు మారునో, ఆ మార్పు తాము సొమ్ము పెట్టిన వ్యాపారముల నెట్లు తాకునో విచారింపకుండుట వారికి చెల్లదు.

ఈ ముప్పు రెండు తెఱగులుగా వచ్చును. ఒకటి, గాలివానలు, వఱదలు, అనావృష్టి నేరుగా ఆస్తిని పాడుచేయుట. 2014 అక్టోబరులో విశాఖపట్నముపై విరుచుకుపడిన హుద్‌హుద్ తుపాను కోరాపుట్, రాయగడ మన్యములను గూడ ఊపివేసినది. 2017 జూలైలో రాయగడ జిల్లాలో ఒక్కసారిగా వచ్చిన వఱదకు తేరుబలి, సింగపూర్‌రోడ్ స్టేషన్ల నడుమ రైలువంతెన కొట్టుకొనిపోగా, విజయనగరమునుండి రాయపూరు పోవు మార్గము తెగిపోయినది. కొండలలోని ఖనిజమును సముద్రపుటొడ్డునకు దింపి జీవించు పరిశ్రమలకు రైలుమార్గమే ప్రాణమైనపుడు, ఆ వంతెన లెన్ని వానల కాగునను ప్రశ్న ఇంజనీర్లకే కాదు, ఆ పరిశ్రమలలో సొమ్ము పెట్టినవారికిని సంబంధించినదే.

రెండవది మరింత సూక్ష్మమైనది: బొగ్గుపొగను తగ్గింపవలెనని లోకము నిశ్చయించుకొని చట్టములను, సుంకములను మార్చినపుడు, నిన్నటివఱకు లాభసాటియైన వ్యాపారము నేడు నష్టపడుట. కోరాపుట్ జిల్లాలోని పంచపట్మలి కొండమీది బాక్సైటును 1981లో స్థాపితమైన నాల్కో సంస్థ దామన్‌జోడిలో శుద్ధిచేసి అల్యూమినాగా మార్చును. అందు కొంత విశాఖ రేవునుండి విదేశములకు పోవును. తక్కినది అంగుల్‌కు చేరి, 1,200 మెగావాట్ల బొగ్గు విద్యుత్కేంద్రము ఆధారముగా లోహమగును. టన్ను అల్యూమినియము తీయుటకు రమారమి 14 వేల యూనిట్ల విద్యుత్తు కావలెను. బొగ్గు విద్యుత్తు యూనిటొక్కింటికి దాదాపు ఒక కిలో బొగ్గుపులుసు వాయువు ఆకాశమున కెక్కునని లెక్కించినచో, టన్ను లోహమువెనుక విద్యుత్తువలననే పదునాలుగు టన్నుల వాయువున్నదన్నమాట. యూరోపియన్ యూనియన్ తన సరిహద్దు దాటివచ్చు అల్యూమినియముపై ఇట్టి వాయువునకు వెల కట్టు పద్ధతిని 2026 జనవరినుండి పూర్తిగా అమలుపఱచుచున్నది. ప్రస్తుతము కర్మాగారమునుండి నేరుగా వెలువడు వాయువునే లెక్కించుచున్నారు గాని, విద్యుత్తువెనుకనున్న పొగను లెక్కించుట లేదు. రేపు దానినిగూడ లెక్కించినచో ఏమగునని నేడే అడుగుట వివేకవంతుడైన మదుపుదారుని పని. నాల్కో కడపజిల్లా గండికోటలో 50.4 మెగావాట్ల గాలిమరలను నిలిపినది; మెచ్చదగినదే, కాని 1,200 మెగావాట్ల బొగ్గు చెంత అది యే మూలకు?

అడిగినవా రున్నారా యన్నచో, ఉన్నారు. ఆ కథ నడచినదియు ఈ కొండలయందే. రాయగడ, కలహండి జిల్లాల నడుమనున్న నియమగిరిని డోంగ్రియా కొంధులు నియమరాజు నిలయముగా కొలుతురు. కొండనెత్తిన పఱచుకొన్న బాక్సైటు పొర వాననీటిని పీల్చి, ఎండకాలమున ఊటలుగా విడుచును. ఆ ప్రాంతమున పుట్టిన వంశధార శ్రీకాకుళపు పొలములను తడిపి కళింగపట్నమువద్ద సముద్రమున గలియును గనుక, ఈ కొండ క్షేమము తెలుగువారికి పరాయి విషయము కాదు. దానిని త్రవ్వదలచిన వేదాంత కంపెనీ, గని అనుమతి రాకమునుపే లాంజిగఢ్‌లో శుద్ధికర్మాగారమును కట్టినది. ఉత్తరసముద్రపు చమురుసొమ్ముతో ఏర్పడిన నార్వే ప్రభుత్వ పింఛను నిధి, తన నీతిమండలి సలహాపై, పర్యావరణహానిని, మానవహక్కుల ఉల్లంఘనను కారణములుగా చూపి, 2007లో ఆ కంపెనీని పరిహరించినది. 2008లో మన సుప్రీంకోర్టు షరతులతో అనుమతి నిచ్చినను, 2010 ఫిబ్రవరిలో ఇంగ్లండు చర్చి 38 లక్షల పౌండ్ల విలువగల తన షేర్లను అమ్మివేసినది. అదే యేడు ఆగస్టులో కేంద్ర పర్యావరణ శాఖ అటవీ అనుమతిని నిరాకరించినది. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు నిర్ణయమును గ్రామసభలకు వదలగా, రాయగడలో ఏడు, కలహండిలో ఐదు, మొత్తము పండ్రెండు గ్రామములును ముక్తకంఠమున వలదన్నవి. ఈలోగా లాంజిగఢ్ కర్మాగారము బాక్సైటు కొఱతచే 2012 డిసెంబరులో మూతపడి, మరుసటి యేడు దూరప్రాంతముల ఖనిజమును వెదకుకొనవలసి వచ్చినది.

నియమగిరి వివాదము ముఖ్యముగా హక్కులది, నీటిది; భూతాపముది కాదు. అయినను దానినుండి నేర్వదగిన దొకటున్నది. కంపెనీ లెక్కలపుస్తకమున కనబడని ముప్పు కొండమీది మనుష్యుల మాటలో ముందుగానే వినబడినది. దూరముననున్న నార్వేవా రామాటను విన్నారు. మన చెంతనున్న పెద్దనిధులు చెవియొగ్గవలసినది ఇంకెంత!

అయితే అమ్మివేయుటయే పరిష్కారమా? నాకట్లు తోచదు. రాయగడ జిల్లా కాశీపురమున ఉత్కల్ అల్యూమినా పథకపు విషయము చూడుడు. 2000 డిసెంబరులో మైకంచ్ వద్ద పోలీసు కాల్పులలో ముగ్గురు గిరిజనులు మరణించిన పిదప, నార్వేకు చెందిన నార్స్క్ హైడ్రో కంపెనీ ఆ పథకమునుండి తప్పుకొన్నది. భాగస్వాములు మారిరి గాని పథకము మారలేదు. కర్మాగారము హిండాల్కో కంపెనీ చేతిలో నేడు నడచుచునే యున్నది. అమ్మినవాని చేతులు శుభ్రపడవచ్చును, కాని కొన్నవాడు ప్రశ్నింపనివాడైనచో కొండకు కలిగిన మేలేమి? పైగా మార్కెట్టు మొత్తములో వాటా గల జీవితబీమావంటి నిధి దేనినుండి పాఱిపోయి ఎక్కడ తలదాచుకొనగలదు? ఒక కంపెనీ పొగ మరియొక కంపెనీకి వఱదయై తగులును. రెండింటిలోను సొమ్ము తనదే.

కావున షేరు నుంచుకొని నోరు తెఱచుటయే మొదటి ధర్మము. మన దేశమున దీనికి నియమములు లేకపోలేదు. బీమా సంస్థలు తాము వాటా గల కంపెనీల నడవడిని కనిపెట్టియుండవలెనని 2017లో బీమా నియంత్రణ సంస్థ మార్గదర్శకములు వెలువరించినది. మ్యూచువల్ ఫండులకు షేర్ల మార్కెట్టు నియంత్రణ సంస్థయగు సెబీ అట్టి నియమావళినే 2020 జూలైనుండి అమలుపఱచినది. మార్కెట్టు విలువలో మొదటి వేయి కంపెనీలు పర్యావరణ బాధ్యతలను గూర్చి 2022-23 నుండి ఏటేట నివేదింపవలసియున్నది. లేనిది అడుగు పట్టుదల. బొగ్గు విద్యుత్తును ఏయేటికి ఎంత తగ్గింతురు? గనిత్రవ్వినచోట ఊటలు నిలిచినవా, ఎండినవా? గ్రామసభ ఒప్పుకొన్నదా? ఈ ప్రశ్నలకు సరియైన జవాబు రానిచో, వార్షికసభలో డైరెక్టర్ల పునర్నియామకమునకు వ్యతిరేకముగా ఓటు వేయవలెను. ఏండ్లతరబడి అడిగినను మార్పు రానిచోటనే, కారణము బహిరంగముగా చెప్పి, వైదొలగవలెను. ఏ కంపెనీ సభలో ఏ తీర్మానమున కెట్లు ఓటు వేసినది, ఏ ప్రశ్నకు ఏ జవాబు వచ్చినది, పాలసీదారుని కేటేట పంపు ప్రీమియము చీటితోపాటు, తెలుగువానికి తెలుగున, ఒడియావానికి ఒడియాలో, ప్రతి నిధియు తెలుపవలెను.